రెండో స్టెప్నీ

మార్చి నెల, రెండో శనివారం. మార్కాపురం, మా ఇంటి ముందు గది.

ఉన్నవారు: నేను. నా భార్య. మా సంస్థలో జీపు నడిపి నాకంటే ముందే రిటైరైన డ్రైవరు. హనుమంతునిపాడు వైపు పల్లె నుంచి పొద్దున బస్సుకు వచ్చిన పాటల అక్క. హైదరాబాదు నుంచి ఫోనులో నా మేనల్లుడు.

లేనివారు: సంస్థ చైర్మన్ గారు. ఆయన వద్దన్న పని చేయడానికే కూడుకున్నాం కాబట్టి ఆయన్ని పిలవలేదు.

ఆ రోజు డైరీలో మొదట రాసుకున్నది ఇది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నాకు ఇదే పద్ధతి. ఏ ఊరికి రికార్డింగుకు వెళ్లినా ముందు తేదీ రాస్తాను, తర్వాత ఎవరెవరు ఉన్నారో రాస్తాను, ఆ తర్వాతే ఏం జరిగిందన్నది. లేనివారిని రాయడం మాత్రం అదే మొదటిసారి. రాయాలనిపించింది, రాశాను.

నా ఉద్యోగం పాటలు రికార్డు చేయడం. మాది ఒక చిన్న క్రైస్తవ సేవా సంస్థ. అందులో ఆడియో విభాగం అంటే ఒక గది, గోడలకు కొట్టిన గోనెపట్టాలు, ఒక రికార్డరు, ఒక జీపు, డ్రైవరు, నేను. పొదిలి, పెద్దారవీడు, హనుమంతునిపాడు మండలాల పల్లెల్లోనూ, గిద్దలూరు దాటాక నల్లమల అంచున ఉన్న గూడేల్లోనూ ఆడవాళ్లు సొంతంగా కట్టుకుని పాడుకునే పాటలన్నీ పట్టి తేవాలి. ఆరాధన పాటలే కాదు. కంది కోసేటప్పుడు పాడేవి, పొగాకు ఆకు వేరుచేస్తూ పాడేవి, చంటిబిడ్డను పడుకోబెడుతూ పాడేవి, మనిషి పోతే ఏడుస్తూ పాడేవి. గూడేల్లో మా దేవుడు వేరు, వాళ్ల దేవుడు వేరు. అయినా ఎవరూ మమ్మల్ని పొమ్మనలేదు. నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా లేరు. జీపు చప్పుడు వినగానే 'పాటలు పట్టేటాయన వచ్చినాడు' అనేవాళ్లు, పాములు పట్టేవాడు వచ్చినట్టు.

పాటల అక్క అలా దొరికిన మనిషే. కూలి పని. ఆమె పాట ఎత్తుకుంటే పక్కవాళ్లు వంత పాడేవాళ్లు. వంత పాడేవాళ్లు లేకుండా ఒక్క పాట పాడమని అడిగితే, 'ఒక్కదాన్నే పాడితే దాన్ని పాటంటారా, గొణుగుడంటారా' అని నన్ను ఎగతాళి చేసింది. తర్వాత కొన్నేళ్లకు ఆమె గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. ఇప్పుడు ఆమె మాట్లాడితే పొయ్యి ఊదినట్టు గాలి వస్తుంది. ఏం చెప్పిందో తెలియాలంటే వంగి వినాలి. ఆమెతో వంత పాడినవాళ్లలో కూడా చాలామంది పోయారు. ఆ గొంతులన్నీ ఒకే చోట మిగిలాయి. ఆ చోటు మా ముందు గదిలో, కుట్టుమిషన్ పక్కన ఉన్న నల్లపెట్టె.

అది మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. క్యాసెట్లకు బూజు పట్టేలోపు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాను. ఆ పని పూర్తయిన కొంతకాలానికి సంస్థవారు ఆడియో గదిని బియ్యం దుకాణానికి అద్దెకిచ్చారు. గోనెపట్టాలు గోడల మీది నుంచి దిగి బియ్యం కిందికి పోయాయి. క్యాసెట్లు చెత్తబండి ఎక్కాయి. 'బ్రదర్, మీరు ఇంటి నుంచే పని చేయండి' అని పాటలున్న ఆ కంప్యూటర్ మిషన్‌ని నాకు పంపారు. అట్లా సర్వీసు చివరి రోజుల్లో నా ఆఫీసు నా ఇంటికే వచ్చింది.

పాటల ఇంకో కాపీ సంస్థ ఆఫీసులో ఉండేది. మహాసభలప్పుడు డ్రోన్‌తో తీసిన వీడియోకు చోటు చాలక దాన్ని తుడిచేశారు. నాతో ఎవరూ చెప్పలేదు. వేరే పని మీద ఆఫీసుకు వెళ్తే, ఆకాశంలోంచి తీసిన షామియానాల బొమ్మ చూపించి 'ఎట్లుంది బ్రదర్' అని అడిగారు. బాగుందన్నాను. మా పాటలున్న చోట ఆ షామియానాలు వేశారని నాకు అప్పటికి తెలియదు.

పెట్టె సంగతి నాలుగు మాటల్లో చెబుతాను, విసుక్కోకండి. అందులో నాలుగు డిస్కులు. పాటలు ముక్కలు ముక్కలుగా నాలుగింటి మీదా పరుచుకుని ఉంటాయి. ఒక డిస్కు చెడితే మిగిలిన మూడూ కలిసి దాని ముక్కలను లెక్కగట్టి చెప్పగలవు. రెండు చెడితే మాత్రం ఒక్క పాట కూడా మిగలదు. ఆ చలికాలంలో ఒకటి చెడింది. కొత్తది పెట్టాను. అది నిండేదాకా నాకు అన్నం సహించలేదు. ఎందుకంటే మిగిలిన మూడూ ఒకే అట్టపెట్టెలో, ఒకే రోజు వచ్చినవి. ఒకదానికి వచ్చిన వయసు మిగిలినవాటికీ వచ్చే ఉంటుంది. రెండు చెడినా పాటలు నిలిచేలా పెట్టెను మార్చవచ్చని మేనల్లుడు చెప్పాడు. దానికి ఐదో డిస్కు కావాలి. సంస్థను అడిగాను. నవ్వారు. నేనే కొన్నాను.

డిస్కు చేతికి వచ్చిన వారంలోనే చైర్మన్ గారు ఫోను చేశారు.

"బ్రదర్, సోమవారం పొద్దున్నే ఆటో పంపుతున్నాను. మిషన్ ఎక్కించండి. ఆ డిస్కులు వీడియో వాళ్లకు కావాలి."

"అందులో పాటలున్నాయి సార్."

"అన్నీ ఎవరు వింటారు బ్రదర్? ముఖ్యమైనవి ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వండి. చాలు."

ముఖ్యమైనవి. నేను ఫోను పెట్టేసి ఆ మాటను డైరీలో రాసుకున్నాను. దాని కింద ఏమీ రాయలేకపోయాను. తర్వాత అక్కకు కబురు పంపాను. ఆమె పాటల సంగతి ఆమెకు చెప్పకుండా తేల్చే అధికారం నాకు లేదు, చైర్మన్ గారికి అసలే లేదు.

శనివారం పొద్దున అందరం పెట్టె ముందు కూర్చున్నాం. ఫోను స్టూలు మీద పెట్టి స్పీకరు వేశాను. మేనల్లుడు మొదటి నుంచీ నన్ను ఆపాలనే చూశాడు.

"మామా, నా మాట విను. నీ దగ్గర ఉన్నది ఒక్క కొత్త డిస్కు. దాని మీద అన్నీ పట్టవు. ముఖ్యమైనవి కాపీ చేసి బీరువాలో పెట్టుకో. అది సేఫ్. నువ్వు చేస్తానంటున్నది నడిచే బండికి చక్రం మార్చే పని."

వాడూ అదే మాట అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు, వాడు పాటలను కాపాడాలనే అన్నాడు. కానీ ఆ మాట వినగానే చైర్మన్ గారు గదిలోకి వచ్చినట్టయింది.

"ఏది ముఖ్యమో నువ్వు చెప్పరా అల్లుడా," అన్నాను. "పొగాకు పాటా? ఏడుపు పాటా? హనుమంతునిపాడు వాళ్లదా, గూడెం వాళ్లదా?"

"నేనెట్ల చెప్తాను మామా?"

"నేనూ చెప్పను."

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "అన్నా, నాకు తెలవక అడగతా. ఇప్పుడీ పెట్టె ఒక్క స్టెప్నీతో పోతాంది. మనం రెండో స్టెప్నీ ఏస్తాండాం. అంతేనా?"

"దాదాపు అంతే బాబాయ్," అన్నాడు మేనల్లుడు.

"మరి దానికి ఇంత పంచాయితీ ఏంది? గిద్దలూరు దాటి ఘాటు ఎక్కేటప్పుడు నేను ఏనాడన్నా ఒక్క స్టెప్నీతో పోయినానా? ఒకటి పంచరైతే ఇంకోటి ఏసుకుంటాం. అది గూడా పోతే ఎలుగ్గొడ్డుకు చెప్పుకోవాల్నా?"

"ఒకసారి పోయినారు గదా, జీపు తోసుకుంటా," అంది నా భార్య. ఆమె ఆ ప్రయాణంలో లేదు. అయినా నేను చెప్పిందంతా ఆమెకు గుర్తుంటుంది.

"అది డీజిలు అయిపోయి వదినా. స్టెప్నీ లేక కాదు."

అక్క అప్పటిదాకా పెట్టె మీద చేయి వేసి కూర్చుంది. లోపల తిరుగుతున్న డిస్కుల అదురు ఆమె అరచేతికి తెలుస్తున్నట్టుంది. ఆమెకు రెండు దారులూ చెప్పాను. కొత్త డిస్కు మీద నీ పాటలన్నీ కాపీ చేసి నీ చేతికే ఇవ్వగలను, అవి గట్టిగా దక్కుతాయి, మిగిలినవాళ్లవి ఏమవుతాయో చెప్పలేను. లేదా అన్నిటికీ కలిపి రెండో స్టెప్నీ వేస్తాను, మధ్యలో ఏదైనా తేడా వస్తే నీవి కూడా పోతాయి. నీ ఇష్టం అక్కా.

ఆమె ఏదో అంది. వంగాను.

"నావి యేరు, వాళ్లయి యేరు అని ఎట్ల తీస్తావు తమ్ముడా? వంత లేకుండా నేను పాడిందెప్పుడు?"

ఫోనులోకి ఆ మాట వినబడలేదు. "ఏమంటోంది మామా?" అని అడిగాడు మేనల్లుడు. చెప్పాను. వాడు కుర్చీ ముందుకు లాక్కున్న చప్పుడు వినబడింది. తర్వాత, "సరే. కీబోర్డు ముందుకు జరుగు. ఒక్కో అక్షరం చెబుతాను," అన్నాడు.

మీలో కొందరు అడుగుతారని తెలుసు, నెట్‌లోకి ఎక్కించవచ్చు కదా అని. మా వీధిలో నెట్ గాలి వీస్తే పోతుంది. ఆ పెట్టెలోవన్నీ మా వీధి నుంచి ఆకాశానికి ఎక్కేసరికి నేను ముందు వెళ్లిపోతాను.

ఇంకో ముక్క చెప్పాలి, దాని మీదే తర్వాతి కథంతా నడిచింది. ఈ మార్పు జరిగేటప్పుడు పెట్టె ప్రతి ముక్కనూ ఒకచోటి నుంచి లేపి, కొత్త లెక్క కట్టి, ఇంకోచోట పెడుతుంది. లేపిన ముక్క చేతిలో ఉండగా కరెంటు పోతే అది ఎక్కడిదో తెలియకుండా పోతుంది. అందుకని చేతిలో ఉన్న ముక్కను ఎప్పటికప్పుడు వేరేచోట రాసి పెట్టుకుంటుంది. ఆ వేరేచోటు ఈ డిస్కుల మీద ఉండకూడదు. నా దగ్గర ఇంకో డిస్కు లేదు. పెన్‌డ్రైవ్ పెట్టాను. వెనక ఉన్న రంధ్రాలు వదులైపోయాయి, ముందువైపు పెట్టాను. పైన కాగితం మీద 'తీయవద్దు' అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

పని మొదలైంది. రెండు రోజులు పట్టవచ్చని మేనల్లుడు చెప్పాడు, అందుకని అక్కా డ్రైవరూ మా ఇంట్లోనే ఉండిపోయారు. నేను ఊళ్లో ఎవరికీ భయపడని మనిషిని అనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం మిక్సీ వేయబోతున్న నా భార్యను చూసి భయపడ్డాను, ఎక్కడ ఫ్యూజు పోతుందోనని. ఆ పూట పచ్చడి రోట్లోనే నూరింది. నూరినంతసేపూ నన్ను ఏమందో ఇక్కడ రాయను.

ఆదివారం పొద్దున జరిగింది ఇది.

మా సంఘానికి మైకు సెట్టు పెట్టే మనిషి ఒకడున్నాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఏ కూడిక జరిగినా సెట్టు అతనిదే. నన్ను చిన్నాయనా అంటాడు. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వస్తాడు, పెట్టె ముందువైపు గుచ్చి ఉన్న పెన్‌డ్రైవ్ లాక్కుంటాడు, నా భార్య ఇచ్చిన కాఫీ తాగుతాడు, పోతాడు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఆ వారం పాటలు వేసి ఉంచడం నా పని. ఈసారి అది కిటికీలో, స్టీలు గిన్నెలో పెట్టానని శనివారమే ఫోను చేసి చెప్పాను. 'సరే చిన్నాయనా' అన్నాడు. అతను అబద్ధం ఆడలేదు. అతని చెవి విన్నది. చేతికి మాత్రం అలవాటే తెలుసు.

నేను స్నానం చేసి వచ్చేసరికి 'తీయవద్దు' అన్న కాగితం అట్లాగే ఉంది. దాని కింద ఉండాల్సింది లేదు. కిటికీలో గిన్నె, గిన్నెలో ఆదివారం పాటలు, ముట్టుకున్నవాళ్లు లేరు.

"మైకు అబ్బయ్య వచ్చినాడా?"

"ఇప్పుడే కాఫీ తాగి పోయినాడు. పెద్దారవీడు పక్క పల్లెలో ఏదో కూడికంట. పైన కాగితం అంటించినావే, అదేంది చిన్నమ్మా అని అడిగినాడు గూడా."

"నువ్వేమన్నావు?"

"చిన్నాయన ఏదో రాసుకుంటా ఉంటాడులే అన్నా."

రోజూ డైరీ రాసే మనిషి ఇంట్లో కాగితానికి ఉండే విలువ అంతే.

మేనల్లుడికి ఫోను చేశాను. వాడు తిట్టలేదు, అందుకు నాకు ఇంకా భయం వేసింది.

"కరెంటు ఉందా మామా?"

"ఉంది."

"అయితే ఎక్కడిదక్కడ ఆగి ఉంటుంది. మిషన్ ఆపొద్దు, కదిలించొద్దు. ఆ పెన్‌డ్రైవ్ మీద ఎవరూ ఏమీ రాయకముందే తెచ్చుకో. అది లేకుండా కరెంటు పోయిందంటే మాత్రం నేను ఏమీ చెప్పలేను. యూపీఎస్ ఎంతసేపు ఆగుతుంది?"

"కాఫీ కాచుకునేంత."

మైకు మనిషికి ఫోను చేస్తే అందుబాటులో లేడంది. కొండ కిందికి పోతే అక్కడ ఎవరూ అందుబాటులో ఉండరు. డ్రైవరు అప్పటికే స్కూటరు స్టార్టు చేసి గేటు దగ్గర నిలబడ్డాడు. గిన్నెలో ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెనక ఎక్కాను. వెళ్తూ నా భార్యకూ అక్కకూ ఒక్కటే చెప్పాను, కరెంటు పోనీయకండి అని. ఆ మాట ఎట్లా అన్నానో నాకే తెలియదు. కరెంటు పోకుండా ఎవరు మాత్రం ఏం చేయగలరు?

ఊరు దాటకముందే చైర్మన్ గారి ఫోను.

"ఆరాధనకు కనబడలేదేంది బ్రదర్? రేపటికి ముఖ్యమైనవి తీసి పెట్టారా?"

"అన్నీ ముఖ్యమైనవే సార్. వద్దనేవి మీరే చెప్పండి. ఫలానా ఊరి ఫలానా ఆమె పాట అక్కర్లేదని పేరు పెట్టి చెప్పండి. నేను తీసేస్తాను."

"అట్ల ఎట్ల చెప్తాం బ్రదర్?"

"మరి నన్నెట్ల చెప్పమంటున్నారు?"

స్కూటరు చప్పుడులో ఆయనకు కొంతే వినబడి ఉంటుంది. "మీరు మొండి మనిషి," అన్నారు.

"ఇన్నేళ్లూ ఈ మొండితనానికే మీరు జీతం ఇచ్చారు సార్. రేపు ఆటో పంపకండి."

"పంపుతాను," అన్నారు. పెట్టేశారు. డ్రైవరు వెనక్కి తిరగకుండానే, "అన్నా, ఈ మాట ఎప్పుడో అని ఉంటే మన జీపుకు కొత్త టైర్లు వచ్చి ఉండేయి," అన్నాడు.

ఆ పల్లెలో మందిరం చిన్నది. ముందు షామియానా వేశారు. మేం చేరేసరికి పాస్టర్ గారు ప్రార్థన చేస్తున్నారు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. మైకు మనిషి ఒక మూల కుర్చీలో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. అతనూ కళ్లు మూసుకున్నాడు. చూపుడువేలు మాత్రం మీట మీదే ఉంది. లాప్‌టాప్‌కు నా పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంది. తెర మీద ఒక ప్రశ్న ఉంది. దగ్గరికి వెళ్లి చదివాను. మా పెట్టె రాసుకున్నది చదవడం దానికి రాక, దీన్ని ఫార్మాట్ చేయాలా అని అడుగుతోంది.

ఫార్మాట్ అంటే మొత్తం తుడిచేయడం. ఆ వేలికీ మీటకూ మధ్య పాస్టర్ గారి ప్రార్థన ఒక్కటే ఉంది. నేను చెప్పులు విప్పి, వంగి, కుర్చీల మధ్యగా నడిచి, పెన్‌డ్రైవ్ లాగి జేబులో వేసుకున్నాను. రెండో జేబులోది తీసి దాని చోట గుచ్చాను. నా పక్కన ఒక ముసలమ్మ ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. నేను తల వంచుకున్నాను. ఆమె కన్ను మూసుకుంది.

పాస్టర్ గార్ల ప్రార్థనలు పొడుగ్గా ఉంటాయని నేను జీవితమంతా విసుక్కున్నాను. ఆ రోజు నుంచి ఆ విషయంలో నోరు మూసుకున్నాను.

ఆమెన్ అన్నాక మైకు మనిషి కళ్లు తెరిచి ఉలిక్కిపడ్డాడు. "ఏంది చిన్నాయనా, ఇంత దూరం వచ్చినావు? నీ పెన్‌డ్రైవ్‌కు ఏమో అయింది. ఫార్మాట్ చెయ్యాల్నా అని అడగతాంది."

"నువ్వేమన్నావు?"

"చేద్దామనే అనుకున్నా. ప్రార్థన మొదలుపెట్టినాడు."

"కాగితం మీద తీయవద్దని రాసినా గదరా."

"మూత తియ్యొద్దనుకున్నా. పెన్‌డ్రైవ్ ఎప్పుడూ తీసేదే గదా చిన్నాయనా."

మేం స్కూటరు ఎక్కుతుండగా లోపల ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. డ్రైవరు ఆగిపోయాడు.

"మన అక్క పాటే అన్నా."

"మాటలు అక్కవి," అన్నాను. "వరస కాదు."

ఎవరో కీబోర్డు పెట్టి ఫోనుల్లో వదిలిన వరస అది. సాఫీగా, ఎక్కడా తట్టుకోకుండా పోతోంది. అక్క పాడితే రెండో చరణం దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగేది, ఆ ఆగినచోట వంత వాళ్లు అందుకునేవాళ్లు. ఈ వరసలో ఆగేచోటు లేదు, అందుకునేవాళ్ల పనీ లేదు. పాట ఎక్కడికీ పోదు, జనం నోళ్లలో ఉంటుంది అని నాతో చాలామంది పెద్దలు చెప్పారు. వాళ్లను ఆ షామియానా కిందికి తీసుకువెళ్లి నిలబెట్టాలనిపించింది.

మా వీధి మలుపు తిరిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్తంభానికి నిచ్చెన వేసి ఉంది. నిచ్చెన కింది మెట్టు మీద అక్క కూర్చుని ఉంది. కొంగు తల మీద కప్పుకుని, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని. ఎదురింటి అరుగు మీద నీడలో లైన్‌మన్ కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. గ్లాసు మా ఇంటిదే. పక్కన నా భార్య చెంబుతో నిలబడి ఉంది.

తీగలకు తగులుతున్న కొమ్మలు కొట్టడానికి లైన్ ఆపాలని అతను వచ్చాడట. నా భార్య వద్దని వాదించింది. అతను వినలేదు. అక్క వాదించలేదు, వాదించే గొంతు లేదు. పోయి నిచ్చెన మీద కూర్చుంది.

నన్ను చూసి లైన్‌మన్ లేచాడు. "సార్, మీ ఇంట్లో పేషెంటు ఎట్లుండాడు? ఆక్సిజన్ మిషన్ అంట గదా."

నేను నా భార్యను చూశాను. ఆమె కొమ్మలను చూస్తోంది.

"నేను ఈ పెద్దమ్మను లెయ్ లెయ్ అన్నా సార్. ఏందో అంటాంది, వినపళ్లా. వంగి విన్నా. మా వాళ్లు లోపలుండారు నాయనా అనింది. మల్ల నేనేం చేసేది? ఎంతమంది ఉండారు సార్ లోపల?"

"చాలామంది," అన్నాను.

ఇంట్లోకి పరుగెత్తాను. పెన్‌డ్రైవ్ పెట్టాను. మేనల్లుడు ఒక్కో అక్షరం చెప్పాడు, నేను కొట్టాను, తిరిగి చదివి వినిపించాను, వాడు సరే అన్నాక మీట నొక్కాను. పెట్టె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తెర మీద అంకె ఒక గింజంత ముందుకు జరిగింది. మళ్లీ జరిగింది. వాడు అక్కడ ఊపిరి వదిలింది నాకు ఫోనులో వినబడింది.

లైన్‌మన్ గుమ్మంలో నిలబడి గదంతా చూస్తున్నాడు. మంచం లేదు, సిలిండరు లేదు. అతనికి నిజం చెప్పాను. పేషెంటు లేడు, పాటలున్నాయి, బయట నిచ్చెన మీద కూర్చున్న ఆమె పాడినవి, ఇంకా అట్లాంటివాళ్లు పాడినవి. అతను వెనక్కి తిరిగి అక్కను చూశాడు.

"పాటలా? ముందే చెప్పుండచ్చు గదా సార్."

"చెప్పి ఉంటే ఆగేవాడివా?"

చేతిలోని మజ్జిగ గ్లాసు చూసుకున్నాడు. "ఆగేవాణ్ణి కాదు," అన్నాడు. పోయి, అక్క లేచాక నిచ్చెన దింపుకున్నాడు. కొమ్మలు వారం మధ్యలో కొడతానని నా భార్యకు చెప్పి, గ్లాసు ఇచ్చి వెళ్లాడు.

ఆ సాయంత్రం నా డైరీలో ఉన్నవారి పట్టికలో లైన్‌మన్‌ని చేర్చాను. మైకు మనిషిని కూడా చేర్చాను. మైకు మనిషి పొద్దుగూకే వేళ వచ్చి, పెట్టెకు దూరంగా, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నా భార్య కాఫీ ఇస్తే ఒక చేయి మాత్రమే ముందుకు తెచ్చాడు.

మీకు ఒక మాట చెప్పాలని ఇదంతా రాశాను. ఆ మిషన్ సంస్థది, నేను ఎప్పుడూ కాదనలేదు. పాటలు సంస్థవి కావు. నావీ కావు. పాడినవాళ్లవి. మీరు ఏ ఆఫీసులో పనిచేసినా ఎప్పుడో ఒకరోజు మీ పైవాళ్లు మిమ్మల్ని పిలిచి 'ముఖ్యమైనవి తీసి పెట్టండి' అంటారు. చాలా మర్యాదగా అంటారు. మీరు తెలివైనవాళ్లని మెచ్చుకుంటూ అంటారు. అప్పుడు మీరు తీసి పెట్టిన ప్రతిదాని పక్కనా మీరు పారేసినది ఒకటి ఉంటుంది, దానికి మీ చేతి గుర్తు ఉంటుంది. నేను తీసి పెట్టలేదు. మేనల్లుడు ఇప్పటికీ అంటాడు, నువ్వు చేసింది తప్పు మామా, అదృష్టం కొద్దీ బయటపడ్డావు అని. కావచ్చు. మళ్లీ అదే రోజు వస్తే మళ్లీ అదే చేస్తాను. ఈసారి పెన్‌డ్రైవ్ మీద సైకిలు తాళం వేస్తాను.

సోమవారం పొద్దున నేను లేచేసరికి అక్క అప్పటికే పెట్టె ముందు నేల మీద కూర్చుని ఉంది. తెర చూశాను. పని పూర్తయింది. ఐదు డిస్కులు, ఐదూ పచ్చగా ఉన్నాయి. మేనల్లుడు చెప్పినట్టు ఒకటికి రెండుసార్లు అడిగి చూశాను. రెండు పోయినా నిలుస్తానని అదే జవాబు చెప్పింది.

"ఏం పెట్టమంటావక్కా?"

ఆమె భుజాలు ఎగరేసింది. ఏదైనా ఒకటే అన్నట్టు. పొగాకు పాట పెట్టాను. ఆమె గొంతు గదిలోకి వచ్చింది, ఆపరేషనుకు ముందరి గొంతు, గరుకుగా, ఎవరినో కసురుతున్నట్టు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్క నేలను చూస్తూ వింది. రెండో చరణం దగ్గర ఆ గొంతు ఊపిరికి ఆగింది. వంత వాళ్లు అందుకున్నారు. వాళ్లతో పాటు అక్క కూడా అందుకుంది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. పెదవులు మాత్రం ఒక్క మాట కూడా తప్పకుండా కదులుతున్నాయి. ఎప్పుడూ ముందు పాడిన మనిషి తన పాటకు తానే వంత పాడుతోంది.

బయట ఆటో హారను మోగింది. ఎవరూ లేవలేదు. ఆటో అతను గుమ్మం దాకా వచ్చాడు. లోపల చూసి గొంతు తగ్గించాడు.

"సార్, చైర్మన్ గారు మిషన్ ఎక్కించుకోని రమ్మన్నారు."

"పాడుతున్నారు. ఇంకా అయిపోలేదు."

అతను పెట్టెను చూశాడు, అక్కను చూశాడు. "అయిపోయినాక రావాల్నా సార్?"

"ఎప్పటికి అయిపోతుందో నాకు తెలియదని చెప్పు."

అతను పాట ఆగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత వెళ్లి ఖాళీ ఆటో వెనక్కి తిప్పుకున్నాడు. ఆ చప్పుడులో అక్క ఏదో అంది. వంగి విన్నాను.

"ఇంకోటి పెట్టు," అంది.